ఆపదలో ఆదుకునే డిస్కు

(2025 డిసెంబరు 17న పింఛనుదారుల దినోత్సవం సందర్భంగా ఖమ్మంలో జరిగిన మన సంఘ సభలో భద్రాచలం సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం. పలువురు సభ్యులు కోరినందున ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము. – సం.)



ఈ రోజు మనకు పండుగ రోజు. 1982లో ఇదే డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పింఛను ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, మన హక్కు అని ఆ తీర్పుతోనే గట్టిపడింది. దాని గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇంతకుముందే మాట్లాడారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం "మీకు కంప్యూటర్ తెలుసు కదా, దాని మీద రెండు ముక్కలు చెప్పండి" అన్నారు. నాకు తెలిసింది తక్కువ. అయితే ఆ తక్కువ నేర్చుకోవడానికి చెల్లించింది ఎక్కువ. అందుకే ఒప్పుకున్నాను.

నేను చెప్పబోయేది చాలా చిన్న వస్తువు గురించి. అరచేతిలో ఇమిడే చదరపు ప్లాస్టిక్ బిళ్ల. ఫ్లాపీ అనేవాళ్లం. దానితో తయారుచేసే అత్యవసర బూట్ డిస్కు గురించి. "ఇప్పుడు ఫ్లాపీలెక్కడివండీ?" అని వెనుక వరుసలో నవ్వుతున్నారు. నవ్వండి. కానీ మీలో ఎంతమంది ఇళ్లలో దుప్పటి కప్పిన పాత కంప్యూటరు మూలన కూర్చుని ఉందో నాకు తెలుసు. అందులో ఏముందో మీకే తెలియదు. ఆ మాటకు చివరలో వస్తాను.

1999లో సికింద్రాబాదు పార్క్ లేన్‌లో ఒక కంప్యూటరు కొన్నాను. విండోస్ 98, ముప్పై రెండు ఎంబీ జ్ఞాపకశక్తి, నాలుగు జీబీ పైచిలుకు హార్డ్ డిస్కు. అప్పటికి అదే మహాభాగ్యం. భద్రాచలం చేర్చడానికి ఒక రాత్రి, ఒక పగలు పట్టింది. భద్రాచలం రోడ్ స్టేషన్ అంటే భద్రాచలంలో ఉంటుందనుకునే కొత్తవారి కోసం చెబుతున్నాను, అది కొత్తగూడెంలో ఉంది. అక్కడ దిగి ఇంకా నలభై కిలోమీటర్లు బస్సులో రావాలి.

మా ఊరి సంగతి మీకు తెలియంది కాదు. ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేస్తే అడవిలో ఏదో ఒక చెట్టు కరెంటు తీగ మీద పడుతుంది. కరెంటు పోతుంది, వస్తుంది, మళ్లీ పోతుంది. ఫ్యానుకు, బల్బుకు అది లెక్క కాదు. కంప్యూటరుకు మాత్రం అది రాస్తూ ఉన్నవాడి చేతిలోంచి కలం లాక్కున్నట్టు.

2001 మే నెలలో అలాంటి ఒక దుమారం మరునాడు పొద్దున్నే మీట నొక్కితే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు. ఇన్‌వ్యాలిడ్ సిస్టమ్ డిస్క్ అట. డిస్కు మార్చి ఏదో ఒక మీట నొక్కమంది. నొక్కాను. మళ్లీ అదే. పదిసార్లు నొక్కాను, పదిసార్లూ అదే. ఇంక నా పని అయిపోయిందనుకున్నాను. పెట్టెను పాత దుప్పట్లో మూట గట్టి, ఒళ్లో పెట్టుకుని, ఖమ్మం బస్సెక్కాను. నూట ఇరవై కిలోమీటర్ల దూరం. పాల్వంచ దాటేసరికి కాళ్లు తిమ్మిరెక్కాయి. కండక్టరు "ఏం సార్, టీవీయా?" అని లగేజీ టికెట్టు కొట్టాడు.

ఖమ్మంలో రిపేరు చేసే కుర్రవాడు మూట విప్పి, ముందు వైపు చూసి, చిన్న మీట ఒకటి నొక్కాడు. లోపలినుంచి ఫ్లాపీ బయటికి వచ్చింది. అంతకుముందు రోజు సాయంత్రం నేనే పెట్టి మరచిపోయిన ఫ్లాపీ.

"ఇదే సార్ రోగం. మిషన్ ముందు ఇందులో వెతుకుతుంది. ఇందులో మీ ఉత్తరాలు ఉన్నాయి గానీ మిషన్‌కి కావలసింది లేదు. అందుకే ఆగిపోయింది" అన్నాడు.

డబ్బులు తీసుకోలేదు. నేను సిగ్గుతో నేల చూస్తుంటే స్టూలు జరిపి కూర్చోమన్నాడు. "ఇంత దూరం వచ్చారు గదా సార్, ఒకటి చేసి ఇస్తాను. నిజంగా రోగం వచ్చిననాడు పనికొస్తుంది" అని బూట్ డిస్కు తయారుచేయడం చూపించాడు. ఆ కుర్రవాడు ఇప్పుడెక్కడున్నాడో తెలియదు. ఈ ప్రసంగం అతనికే చెందాలి.

అతను చెప్పింది మన ఆఫీసు భాషలో చెబుతాను. పొద్దున్నే ఆఫీసు ఎలా తెరుచుకుంటుంది? వాచ్‌మన్ గేటు తీస్తాడు. అతనికి ఆఫీసు పని ఏమీ తెలియదు, తాళం చెవి ఎక్కడుంటుందో మాత్రం తెలుసు. కంప్యూటరులో బయాస్ అనేది ఆ వాచ్‌మన్. అతను మొదట ఫ్లాపీ దగ్గరికి, ఆ తరువాత హార్డ్ డిస్కు దగ్గరికి వెళ్లి మొట్టమొదటి గడిలో ఏం రాసుందో చూస్తాడు. ఆ గడి 512 అక్షరాలు పట్టేంత చిన్నది. అక్కడున్న చీటీ ప్రకారం ఐఓ డాట్ సిస్ అనే ఫైలును లేపుతాడు. అది అటెండరు. దీపాలు వేసి, బల్లలు తుడిచి, సామాను సర్దుతుంది. చివరికి కమాండ్ డాట్ కామ్ అనే గుమాస్తా వచ్చి కిటికీ దగ్గర కూర్చుని "ఏం కావాలి?" అంటాడు. తెర మీద కనిపించే ఏ కోలన్ గుర్తు అదే. ఈ వరుసలో ఒక్కడు రాకపోయినా ఆఫీసు తెరుచుకోదు. లోపల ఫైళ్లన్నీ భద్రంగానే ఉండవచ్చు. కానీ మనం గేటు బయటే.

బూట్ డిస్కు అంటే ఆ అటెండరునూ ఆ గుమాస్తానూ మరొక జత ఫ్లాపీలో దాచుకోవడం. అసలువాళ్లు రాని రోజున వీళ్లు తలుపు తీస్తారు.

తయారీ కష్టమేమీ కాదు. విండోస్ 95, 98 ఉన్న మిషన్లలో స్టార్ట్ నొక్కి, సెట్టింగ్స్, కంట్రోల్ ప్యానెల్, యాడ్ రిమూవ్ ప్రోగ్రామ్స్ దాకా వెళ్లాలి. అందులో స్టార్టప్ డిస్క్ అనే పేజీ ఉంటుంది. ఖాళీ ఫ్లాపీ పెట్టి క్రియేట్ డిస్క్ అంటే చాలు. ఒక్కొక్కసారి విండోస్ సీడీ అడుగుతుంది. ఫ్లాపీలో అంతకుముందు ఉన్నదంతా చెరిగిపోతుందని మరవకండి. 95 డిస్కు సీడీ డ్రైవును గుర్తుపట్టదు. 98 డిస్కు దాదాపు అన్నిటినీ గుర్తుపడుతుంది, అందుకే మొదలుపెట్టగానే సీడీ కావాలా వద్దా అని అడుగుతుంది. ఇంకొక చిక్కు. అది పనిముట్లు పెట్టుకోవడానికి జ్ఞాపకశక్తిలోనే తాత్కాలికంగా ఒక డ్రైవు సృష్టించుకుంటుంది. దానివల్ల ఎప్పుడూ డి అని పిలిచే సీడీ డ్రైవు ఆ పూటకు ఇ అవుతుంది. ఇది తెలియక సీడీ పాడైందనుకుని కొత్తది కొన్న మహానుభావుణ్ణి నేను ఎరుగుదును. ఆయన ఇప్పుడు మీ ముందు మైకు పట్టుకుని ఉన్నాడు.

ఎక్స్‌పీ మిషన్లలోనూ ఫ్లాపీని ఫార్మాట్ చేసేటప్పుడు డాస్ స్టార్టప్ డిస్కు తయారుచేసే వీలుంది. అయితే ఎక్స్‌పీలో ఎక్కువమంది హార్డ్ డిస్కును ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో పెట్టుకున్నారు. డాస్ దాన్ని చదవలేదు. గేటు తెరుచుకుంటుంది, బీరువాలు కనిపించవు. ఈ తేడా ముందే తెలిసి ఉండాలి.

తయారైన తరువాత చేయవలసినవి మూడు. ఒకటి, ఫ్లాపీ మూలనున్న చిన్న బిళ్లను జరిపి రంధ్రం తెరిచి ఉంచాలి. అప్పుడు దాని మీద ఎవరూ ఏమీ రాయలేరు, వైరస్ కూడా రాయలేదు. ఆ రోజుల్లో ఫ్లాపీ మొదటి గడిలోనే కాపురం పెట్టే వైరస్‌లు ఉండేవి. రెండు, ఆ డిస్కు పెట్టి మిషన్ నిజంగా లేస్తుందో లేదో ఆ రోజే చూడాలి. లేవకపోతే బయాస్‌లో ముందు ఏ, తరువాత సి అని వరుస పెట్టాలి. మూడు, ఏం టైపు చేయాలో కాగితం మీద రాసి డిస్కుతో కలిపి కవరులో పెట్టాలి. కంప్యూటరు చెడిన రోజున కంప్యూటరులో రాసుకున్న సూచనలు ఎలా చదువుతారు?

నేను ఈ మూడూ చేశాను. రెండు డిస్కులు చేశాను. ఒకటి మా ఇంట్లో, ఒకటి పాల్వంచలో మన సంఘ మిత్రుని ఇంట్లో. రెండోది ఎందుకని ఆయన నవ్వాడు. ఇక అసలు కథ.

నేను 2003లో పదవీ విరమణ చేశాను. 2005లో వేతన సవరణ వచ్చింది. పింఛన్లు కొత్తగా ఖరారు చేయించుకోవాలి. మన ప్రాంతపు సభ్యులలో చాలామందికి లెక్క నేనే కట్టాను. పేరు, పీపీఓ నంబరు, చేరిన తేదీ, విరమణ తేదీ, చివరి మూలవేతనం, అన్నీ ఒక పట్టికలో ఎక్కించాను. చర్ల నుంచి, దుమ్ముగూడెం నుంచి, అటు వెంకటాపురం నుంచి కూడా మిత్రులు ఫోను చేసి చెబితే రాసుకున్నాను. కాగితం మీద అచ్చు తీయలేదు. మిషన్‌లో ఉంది కదా అనే ధీమా.

ఆ మరుసటి వానాకాలంలో దుమ్ముగూడెం వైపు గోదావరి ఒడ్డున ఉన్న మన సభ్యుడొకరు కాలం చేశారు. నెల తిరగకముందే ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. ట్రంకుపెట్టెలో కాగితాలన్నీ వరద నీటికి ముద్దయిపోయాయి. పీపీఓ పుస్తకం అట్ట మాత్రం మిగిలింది, నంబరు కనిపించలేదు.

"అన్నయ్యగారూ, ఆయన ఒకసారి మీకు ఫోనులో అన్నీ చెప్పారు. పక్కనే ఉండి విన్నాను. మీ దగ్గర ఉంటుందనే వచ్చాను" అంది.

"ఉంటుంది చెల్లెమ్మా, కూర్చో" అని మీట నొక్కాను. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. ఇన్‌వ్యాలిడ్ సిస్టమ్ డిస్క్.

నాకు నవ్వొచ్చింది. ఫ్లాపీ మరచిపోయి ఉంటానని మీట నొక్కాను. డ్రైవు ఖాళీగా ఉంది. అప్పుడు చెమట పట్టింది. క్రితం రాత్రి మూడుసార్లు కరెంటు పోయింది.

కవరు తీసి బూట్ డిస్కు పెట్టాను. డ్రైవు గరగరమని ఆగిపోయింది. డిస్కు రేకు జరిపి చూస్తే లోపలి నల్లటి పళ్లెం మీద బూడిదరంగు మచ్చలు. బూజు. మన అడవి పక్క వానాకాలంలో చెప్పులకు, పుస్తకాలకు, పచ్చడి జాడీలకు పట్టే బూజే ఫ్లాపీకీ పట్టింది. అయిదేళ్లలో ఒక్కసారి కూడా నేను దాన్ని తిరిగి పరీక్షించలేదు.

ఆమెకు అన్నం పెట్టమని ఇంట్లో చెప్పి పాల్వంచ బస్సెక్కాను. మిత్రుడు డిస్కును బీరువాలో, బట్టల మధ్య, ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఉంచాడు. ఈసారి ఆయన నవ్వలేదు.

సాయంత్రానికి ఆ డిస్కుతో మిషన్ లేచింది. ఏ కోలన్ కనిపించింది. ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి. ఆ క్షణంలో మనకు రిపేరు చేయాలని చేతులు దురద పెడతాయి. చేయకూడదు. భద్రాచలంలో గోదావరికి 43 అడుగుల దగ్గర మొదటి హెచ్చరిక, 48 దగ్గర రెండవది, 53 దగ్గర మూడవది ఇస్తారు. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగుల దాకా వచ్చింది. మొన్న 2022 జూలైలో 71 అడుగులు దాటింది. ఏ హెచ్చరికకైనా ముందు మనుషులను గట్టుకు చేరుస్తాం, గోడ పగుళ్లు తరువాత పూడుస్తాం. ఇక్కడా అంతే. ముందు మన ఫైళ్లను బయటికి తీయాలి. ఆ తరువాతే స్కాన్‌డిస్కు. ఆ తరువాతే ఎస్ వై ఎస్, ఖాళీ, సి, కోలన్. ఈ చివరి ఆజ్ఞ హార్డ్ డిస్కు మీదికి కొత్త అటెండరునూ గుమాస్తానూ పంపుతుంది. అయితే డిస్కు, మిషను ఒకే విండోస్‌వి అయి ఉండాలి. 95 డిస్కుతో 98 మిషన్‌కు ఈ పని చేస్తే ఉన్నది కూడా చెడుతుంది. ఆ డిస్కులోనే ఫార్మాట్, ఎఫ్‌డిస్క్ అనే రెండు పనిముట్లు కూడా ఉంటాయి. తెలియనివారు వాటి జోలికి పోవద్దు. అవి తలుపు తీసేవి కావు, ఇల్లు ఖాళీ చేసేవి.

పాత డాస్ ఫైలు పేరులో ఎనిమిది అక్షరాలే చూపిస్తుంది. నేను పొడుగాటి పేరు పెట్టిన పట్టిక, పెన్షియో అనే ఆరక్షరాలు, ఒక అల మెలిక, ఒకటి అంకె, ఇలా కనిపించింది. మొదట గుర్తుపట్టలేదు. తేదీ చూసి గుర్తుపట్టాను. కొత్త ఫ్లాపీ మీదికి కాపీ చేశాను. ఒక ఫ్లాపీలో గడులు 2,880, ఒక్కొక్క దానిలో 512 అక్షరాలు, మొత్తం 14,74,560. మన సభ్యులందరి సర్వీసూ అందులో సగం కూడా నింపలేదు. ముప్పై ఏళ్ల ఉద్యోగం ఎంత చోటు పడుతుందో ఆ రోజు చూశాను.

వేరే కంప్యూటరులో ఆ ఫ్లాపీ తెరిస్తే ఆమె భర్త పేరు ఎదురుగా నంబరు ఉంది. పేరుతో వెతికితే రోజులు పట్టే పని నంబరుతో పూటలో తేలుతుందని మనందరికీ తెలుసు. కుటుంబ పింఛను ఖరారైంది. ఆమె మొదటి నెల పింఛను తీసుకున్న రోజు మా ఇంటికి వచ్చి, సంచిలోంచి ఇప్పపువ్వు లడ్డూలు తీసి ఇచ్చింది. నాకు కాదు, "ఆ మిషన్‌కి" అంది.

ఇక్కడితో ఆపేస్తే చప్పట్లు కొడతారు. కానీ మిగతాది చెప్పకపోతే మోసం చేసినవాణ్ణవుతాను.

అదే మిషన్‌లో, వేరే చోట, మా ఇంటావిడ పాడగా నేను టైపు చేసిన పాటలు ఉన్నాయి. వాళ్ల అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న మంగళహారతులు, అప్పగింతల పాటలు, నలభై దాకా. ఒక వేసవి సెలవులంతా తను చెబుతుంటే నేను ఎక్కించాను. సంఘం పట్టికను ఫ్లాపీలోకి తీశాను గానీ వీటిని తీయలేదు. మిషన్ మళ్లీ లేచింది కదా, ఇక తొందరేముంది అనుకున్నాను. మూడు నెలలకు హార్డ్ డిస్కు టిక్కు టిక్కుమని శబ్దం చేసింది. అది నాకు రెండవ హెచ్చరిక. వినలేదు. ఒక రోజు పూర్తిగా ఆగిపోయింది. ఈసారి బూట్ డిస్కు పెడితే ఏ కోలన్ వచ్చింది. సి కోలన్ అంటే జవాబు లేదు. గుమాస్తా కూర్చున్నాడు, బీరువాయే లేదు.

"మళ్లీ చెబుతానులే" అంది తను. నేను "అలాగే" అన్నాను. ఇద్దరం వాయిదా వేశాం. 2011లో తను వెళ్లిపోయింది.

అందుకని నా ప్రసంగ సారాంశం ఒక్కటే. బూట్ డిస్కు తలుపు తీస్తుంది. సామాను మోసుకురాదు. తలుపు తెరుచుకున్న ఆ పూటే మోసుకోవలసింది మనం.

ఇప్పటి సంగతి రెండు ముక్కలు. ఫ్లాపీల కాలం పోయింది. పేరుమోసిన సోనీ కంపెనీయే 2011లో వాటి అమ్మకం ఆపేసింది. ఇప్పటి మిషన్లకు ఆ పని పెన్‌డ్రైవు చేస్తుంది. విండోస్ 10, 11లలో వెతికే చోట రికవరీ డ్రైవ్ అని టైపు చేస్తే తయారుచేసే తెర వస్తుంది. ఎంత పెద్ద పెన్‌డ్రైవు కావాలో అదే చెబుతుంది. అందులో ఉన్నదంతా చెరిపేస్తుంది గనుక మనుమల ఫోటోలున్నది పెట్టకండి. ఇప్పుడు చాలా ల్యాప్‌టాపులలో హార్డ్ డిస్కుకు బిట్‌లాకర్ అనే తాళం ముందే పడి ఉంటుంది. దాని తాళంచెవి 48 అంకెల సంఖ్య. అది లేకపోతే ఏ డిస్కు పెట్టినా బీరువా తెరుచుకోదు. ఆ అంకెలు కాగితం మీద రాసి పీపీఓ పుస్తకంతో కలిపి పెట్టుకోండి. విండోస్ 10కి మామూలు సహాయం 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది కనుక చాలామంది పిల్లలు పాత మిషన్లు మార్చేస్తారు. మార్చేముందు అందులో ఏముందో చూడమనండి.

ఇక దుప్పటి కప్పిన ఆ పాత పెట్టె. దాన్ని పాత సామాన్లవాడికి వేసేముందు ఒక్కసారి ఆగండి. అది లేవకపోయినా హార్డ్ డిస్కు మంచిదైతే, దాన్ని విప్పి యూఎస్‌బీ తీగతో కొత్త మిషన్‌కు తగిలించే చిన్న పరికరాలు దొరుకుతాయి. తీయగలిగినంత తీయండి. పాత బూట్ డిస్కు ఉంటే బూజు పట్టిందేమో చూడండి. బూజు పట్టినదాన్ని మంచి డ్రైవులో పెట్టకండి, డ్రైవు తల కూడా చెడుతుంది.

వచ్చే సమావేశానికి వచ్చేటప్పుడు మీ పీపీఓ నంబరు, చేరిన తేదీ, విరమణ తేదీ ఒక చీటీ మీద రాసి తీసుకురండి. పట్టిక నేను మళ్లీ కడుతున్నాను. ఈసారి మూడు చోట్ల ఉంటుంది, ఒకటి కాగితం మీద. మీ ఇంటావిడకు పాటలు వస్తే అవి కూడా రాసి తీసుకురండి. టైపు చేయడానికి నాకు ఎనభై ఏళ్లు వచ్చినా వేళ్లు బాగానే ఉన్నాయి.